మాగేసిన మాట

గ్రీమ్స్‌పేట చర్చి వెనక రేకుల గదిలో
మంగళవారం, శుక్రవారం, రాత్రి ఏడున్నరకి
ప్రిసిల్లా మేడమ్ మాకు ఇంగ్లీషు చెప్తాది.
పద్నాలుగు మందిమి, అందరం పల్ప్ ఫ్యాక్టరీ వాళ్లమే.
ల్యాబు రిజిస్టరు చదవడం వస్తే
బెల్టు కాడ నుంచి టేబులు కాడికి మారుస్తానన్నాడు మేనేజరు.
నిలబడే పని నుంచి కూచునే పనికి.
అదీ మా చదువు కత.

ఈ వారం పాఠం, ఒకటి ఇంకోటి అయ్యే మాటలు.
మాకు "అయింది" ఒక్కటుంటే చాలు.
చీకటయింది, ఆలస్యమయింది, పెండ్లయింది, అయిపోయింది.
వాళ్లకి అట్లా కుదరదంట.
ఆకు పచ్చన నుంచి పసుపుకి తిరగాలంట: టర్న్.
మనిషి ముసలితనంలోకి పెరగాలంట: గ్రో.
ఆ మాటల తర్వాత ఇంకో మాట రావాల్సిందే,
లేకుంటే వాక్యం నిలబడదని బోర్డు మీద గీత గీసి చూపించింది.
తడవాలన్నా, ఆకలేయాలన్నా సంపాదించుకోవాలంట: గెట్.
"ఆకలిని సంపాదించేదేంది మేడమ్,
అది ఊరకే వస్తాది గదా" అనింది వెనక బెంచీ మొగిలమ్మ.
మేడమ్ గూడా నవ్వింది, చాక్‌పీసు కింద పెట్టి.

తర్వాత గో.
పాలు, గో. చూపు, గో. మతి, గో.
చెడేవన్నీ నడిచి వెళ్లిపోతాయి ఆ భాషలో.
నా పెన్ను ఆగిపోయింది.
ఇది మాదే గదా.
పాలు విరిగిపోయె, బావి ఎండిపోయె,
కండ్లు పోయె, కాలం పోయె అని
మా అవ్వ ఎవురూ నేర్పకుండా వాడిన మాట.
సముద్రాలవతల గూడా
చెడ్డది ఎటు పోతాదో చూసినోళ్లు ఉండారన్నమాట.

తలా ఒక వాక్యం రాయమనింది.
మొగిలమ్మ పాల మీద రాసింది.
నేను రాసినా:
మై హస్బెండ్ వెంట్ క్వయట్.
మేడమ్ ఎర్ర పెన్నుతో పెద్ద రైటు కొట్టింది.
స్పెల్లింగు గూడా తప్పు లేదనింది.
నా నోటుబుక్కులో తప్పులేని వాక్యం
అదొక్కటే.

చక్కెర మిల్లు గేటుకి తాళం పడిన నాడు
చెంగల్రాయుడు సైకిలు తోసుకుంటా వచ్చి
క్యారేరు తెరవకుండానే అంట్ల కాడ పెట్టినాడు.
అంతకు ముందు సైరన్ మాదిరి గొంతు.
ఇప్పుడు కూరలో ఉప్పు తక్కువైతే
డబ్బా దిక్కు చూస్తాడు, అంతే.
ఆరేండ్లు.
అంత పొడుగు సంగతి నాలుగు మాటల్లో పట్టేసింది.
రైటంట.

అందరూ పోయినంక మేడమ్‌ని అడిగినా,
మాగడానికి ఏమంటారని.
రైపెన్, అనింది.
అది పండేది మేడమ్. చెట్టున పండేది వేరే.
కోసినంక, తొడిమ తెగి సొన కారినంక,
వరిగడ్డిలో, చీకట్లో, ఒకదానికొకటి ఆనుకోని
ఎవురూ చూడనప్పుడు లోపల్లోపలే తియ్యనయ్యేది,
దానికి?
ఆలోచించింది. పుస్తకం తిప్పింది.
విడిగా లేదనుకుంటా, అనింది.
నా బొటనవేలు చూపించినా.
ఇరవై సీజన్లుగా బెంగుళూరా కాయల్ని నొక్కి చెప్తాండాది:
ఇది కాయ, ఇది దోర, ఇది రేపటికి, ఇది ఇప్పుడే.
మేడమ్ తెలుగులోనే బోర్డు మీద రాసుకునింది: మాగు.
గు కొమ్ము కొంచెం వంకర.
అయినా రైటు కొట్టినా.

ఇంట్లో లైటు తీసేసి ఆయన పక్కన పండుకోని
ఊపిరి వింటా ఉండా.
పోయినాడా, మాగుతాండాడా?
మామిడికాయ అయితే నొక్కి చెప్పేదాన్ని.
ఒంటిగంట దాటినంక
నిద్దట్లో ఇటుపక్కకి తిరిగినాడు.
టర్న్.
దాని తర్వాత రావాల్సిన మాట కోసం
మేలుకోనే ఉండా.