పురుగు తిన్న చుక్క

మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ
సంగీతం ఊసే ఎత్తలేదు.
"పద్దెనిమిది వందల నలభై ఏడు,
ఓడ దిగుమతుల లెక్కలు" అంది.
గొడుగు మూయడం మర్చిపోయి అలాగే నిలబడింది.

వల్పరైసో రేవులో పాత సుంకాల గిడ్డంగి.
దాని తాళంచెవులు నా నడుముకే ఉండేవి.
చేపనూనె పీపాలు, గాజుపలకలు, గుర్రపు నాడాలు,
వాటి నడుమ ఒక పంక్తి:
"పియానో ఒకటి, హాంబర్గ్ నుంచి.
ఉప్పుగాలికి మూడు మెట్లు మూగబోయినవి."
ఆ పంక్తి మీద పెట్టిన వేలు
రెమీహియా ఒయార్సూన్
ముప్పయ్యొక్క ఏళ్ళు తియ్యలేదు.

పియానోతో పాటే దిగాడట
శ్రుతి సరిచేసే యోకుమ్ ఫెడర్సన్.
పగలు వర్తకుల ఇళ్ళలో తీగలు బిగించి
రాత్రి కొండమీది సారాకొట్లో కూర్చునేవాడు.
రుమాళ్ళు తిప్పుతూ వాళ్ళాడే సామకువేకాను
తన ఊరి అయిదు గీతల్లోకి ఎక్కించేవాడు,
పెద్ద పాదాన్ని చిన్న చెప్పులో దూర్చినట్టు.

అలాంటి పుటలు పదకొండు దొరికాయి.
ఏడో పుటలో, ఒక స్వరం పక్కన, చుక్క.
చుక్క ఉంటే స్వరం మరో సగం సేపు నిలవాలి,
పాదం రవ్వంత ఆలస్యంగా నేలను తాకాలి.
"కుంటి తాళం" అని పేరుపెట్టింది.
ఆ చుక్క మీదే డాక్టరేట్,
ఆ చుక్క మీదే ఉద్యోగం,
లైప్‌జిగ్‌లో, లిస్బన్‌లో ఉపన్యాసాలు.
ఒక పెళ్ళి కూడా ఆ చుక్క దగ్గరే మొదలై
రెండో ముద్రణ రాకముందే ముగిసింది.

సభల్లో కొట్లాటలు.
హాంబర్గ్ ఇచ్చింది, వీళ్ళు పుచ్చుకున్నారని ఒకరు.
ఇవ్వడమేమిటి, ఎత్తుకుపోయారని ఇంకొకరు.
ఆవిడ లేచి చుక్క చూపించేది:
"ఇక్కడ ఇద్దరూ తడబడ్డారు. నాకంతే తెలుసు."

పోయిన జూలై, ఎముకలు కొరికే చలి.
మరమ్మతువాళ్ళు పుటల వెనక అంటించిన
నల్లగుడ్డ ఒలిచి వెళ్ళారు.
నేను కాగితం కింద దీపం పెట్టాను.
చుక్కలోంచి వెలుతురు వచ్చింది.

సిరా కాదు. కన్నం.
ఆరో పుటలో, ఎనిమిదో పుటలో, అదే చోట.
ఒక పురుగు నిటారుగా నడిచిపోయిన దారి.

దీపం ఆర్పబోయాను. "ఉండనీ" అంది.
చాలాసేపటికి,
"ఇన్నేళ్ళూ ఒక పురుగు ఆకలిని
తాళం వేసి చదివానన్నమాట."

చూసింది ఇద్దరమే.
నాకు మూడేళ్ళలో పింఛను, నోరు విప్పేవాణ్ణి కాదు.
ఆవిడే రెండు పేజీల సవరణ రాసి
తప్పుల పట్టికలో తన పేరు మొదట పెట్టి
పత్రికకు పంపింది.
లైప్‌జిగ్ నుంచి ఒక్క ఉత్తరమూ రాలేదు.

సెప్టెంబరు పండగకి కొండెక్కాం,
ఆవిడకి మోకాళ్ళు నొప్పి, నాకు ఆయాసం.
చేపలు వేయించే దొమితీలా మనవరాలు
రుమాలు విసిరి తిరుగుతోంది.
ఆ పాదం రవ్వంత ఆలస్యంగా
నేలను తాకింది.

మళ్ళీ తాకింది.

"ఎవరు నేర్పారమ్మా?" గొంతు వణికింది ఆవిడకి.
పిల్ల అవ్వ వైపు చూసింది.
అవ్వ మూకుడులోంచి తలెత్తకుండా
"రేడియోలో వచ్చేదిగా, ఆ ప్రొఫెసరమ్మ పలక" అని,
మళ్ళీ తనే, "లేదులే, మా అమ్మా ఇలాగే.
ఈ కొండ మెట్లు ఎప్పుడు సమంగా ఉన్నాయి కనక?"

ఆవిడ పెన్సిల్ తీసింది.
నన్ను తేదీ అడిగింది.
స్వరాలు రాసుకుంది, అన్నీ.
ఒకదాని పక్కన మాత్రం
చుక్క పట్టేంత చోటు
ఖాళీగా వదిలేసి
చేపలకి డబ్బులు తీసింది.