పదకొండు ఒకట్లు

సముద్రం గడ్డకట్టాక హీయుమా దీవికి పడవ ఉండదు.
మంచుమీది దారి తప్పకుండా
జునిపర్ కొమ్మలు పాతుతారు.
ఒకటి, ఒకటి, ఒకటి.

టికెట్ల గదిలో హెల్మెకి పొద్దుపోక
పదకొండు ఒకట్లు వరసగా రాసింది.
వెయ్యినూట పదకొండు కోట్ల పైమాట.
ఇది ఎక్కడైనా విరుగుతుందా?

మూడుకి రెండు మిగిలింది.
ఏడుకీ రెండే.
పదమూడుకి తొమ్మిది.
చెల్లని టికెట్ల వెనకంతా భాగహారాలు,
చేతిబొటనవేలికి పెన్సిల్ నలుపు,
ఆ చలికాలం పోయి ఇంకో చలికాలం.

రెండో మార్చిలో ఒక మధ్యాహ్నం
ఇరవై ఒక్క వేల ఆరువందల నలభై తొమ్మిది దగ్గర
మిగలడానికేమీ మిగల్లేదు.
మళ్ళీ చేసింది. మళ్ళీ సున్నా.
స్టవ్ మీద మాడిన కాఫీని
మాడిందని తెలీకుండానే తాగేసింది.

బడిపంతులు ఊర్మస్ కాగితం చూసి నొచ్చుకున్నాడు:
"ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలేవాటికే
ఇది లొంగుతుంది.
తక్కిన వేలమందినీ అడగక్కర్లేకపోయె,
ముందే నాతో అనాల్సింది."

హెల్మె కిటికీ అద్దం తుడిచింది.
దూరంగా నీళ్ళ చప్పుడు.
కొమ్మలు ఒకటొకటే ఒరుగుతున్నాయి.

"అడగాలిగా," అంది,
"క్యూలో నిలబడ్డాయి."