నాట్లు

నది మూతి దగ్గర బోర్డు: ఆరు నాట్లకు మించరాదు.
మొదటిసారి చదివి నవ్వాను.
పెరవలిలో నేనెరిగిన నాట్లు వేరు:
మోకాటి లోతు బురద, వంగిన నడుం, వెనక్కి నడక.
ఇక్కడ నాట్లంటే పరుగు లెక్క.

లిమింగ్టన్‌లో నా శనివారాలు పర్కిస్ గారి పడవవి.
ఇరవై ఆరడుగుల 'టెస్సా'.
తెరచాపకి మూడు మాసికలు, ఒకటి నేను కుట్టింది.
ఆయనకి మాటలు తక్కువ. తాడు లాగు. తాడు వదులు. తల వంచు.
తల వంచడం మరిచిన వారం
మందుల షాపు కౌంటర్లో కణతకి బొప్పితో నిలబడ్డాను,
వచ్చినవాళ్ళు ముందు నాకే మందు చెప్పారు.

గాలివాటం మనిషి అంటే మా వైపు తిట్టు.
ఇక్కడ అది నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అప్పుడొచ్చింది కెస్టర్ పడవ.
ఇళ్ళ పైకప్పులు వేసే కాంట్రాక్టరు,
నారింజరంగు డొక్కు, వెనక తొమ్మిది వందల గుర్రాలు.
అది పోయిన ఐదు నిమిషాలకి దాని అల మమ్మల్ని చేరేది,
టీ ఒలికేది, పర్కిస్ గారు నాకు తెలియని ఇంగ్లీషు మాట్లాడేవారు.

బుధవారం సాయంత్రాలు క్లబ్బులో ఇదే పంచాయితీ.
"అది గంటకి తాగేది నాకు పది వేసవులొస్తుంది" అంది మోర్వెన్నా.
"అది పడవ కాదు, నీళ్ళ మీద తగలేసిన డబ్బు" అన్నాడొకడు.
ఒకప్పుడు పందేలాడిన ఐవర్
గ్లాసు దించి, కుర్చీలో జాగ్రత్తగా కదిలాడు.
"ఒక్క అల. పడవ గాల్లోకి లేచింది. దిగినప్పుడు
నా వెన్నుపూస ఒకటి నలిగిపోయింది.
రేపు పిలిచినా ఎక్కుతా."
ఎవరూ మాట్లాడలేదు.

కెస్టర్ పిలవనే పిలిచాడు. పర్కిస్ గారిని, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని.
మూడుసార్లు వద్దన్నారు.
నాలుగోసారి టోపీ తీసి నా చేతికిచ్చారు,
నేను దాన్ని సంచీలో పెట్టుకుని వెంట ఎక్కాను.

నది దాటేదాకా ఇంజన్లు గొంతు నొక్కుకున్నాయి.
ఆరు నాట్లు. బోర్డు దాటింది.
ఆ తర్వాత

నీళ్ళు గట్టిపడ్డాయి.
మెత్తనివని ఇన్నాళ్ళూ నమ్మిన నీళ్ళు
గతుకుల తారురోడ్డై పళ్ళకి పళ్ళు కొట్టాయి.
కన్నీళ్ళు కిందికి జారక చెవుల్లోకి పారాయి.
అరిచాను, తెలుగులో, అమ్మ వింటే చెంపదెబ్బ వేసే మాట.
అబద్ధమెందుకు, నాకు నచ్చింది.
మందుల పేర్లూ, అద్దె గడువూ, నా వయసూ
వెనక తెల్లటి నురగలో ఎక్కడో రాలిపోయాయి.

యార్మత్. నాలుగు నిమిషాలు.
ఇంజన్లాగితే చెవుల్లో ఇంకా మోత.
టెస్సాలో ఇదే దూరానికి
పోటూ పాటూ లెక్క చూసుకుని రెండు గంటలు,
ఫ్లాస్కులో సగం టీ, రెండు శాండ్‌విచ్‌లు, చిన్న పోట్లాట.
"ఎలా ఉంది?" అన్నాడు కెస్టర్, చిన్నపిల్లాడి ముఖంతో.
"బ్రహ్మాండం" అన్నారు పర్కిస్ గారు. నిజంగానే అన్నారు.

తిరిగొచ్చాక, టోపీ పెట్టుకుంటూ, నాతో కాదన్నట్టు,
"నలభై ఏళ్ళు అది నాకు అవతలి తీరం.
ఇంత దగ్గరని తెలియకుండా ఉండాల్సింది."

మరుసటి శనివారం నడిసముద్రంలో గాలి చచ్చిపోయింది.
పాటు మొదలైంది.
న్యూటౌన్ వైపు ముక్కు, హర్స్ట్ కోట వైపు ప్రయాణం,
నాట్లేసే మనుషుల్లా వెనక్కి, వెనక్కి.
దూరంగా నారింజ చుక్క పోయింది.
ఐదు నిమిషాలకి అల వచ్చింది. టీ ఒలికింది.

ఆయన తిట్టలేదు.
చుక్క కనుమరుగయ్యేదాకా అటే చూశారు.
అసూయో, జాలో, వెన్ను నొప్పో, నేనడగలేదు.
ఆ తిట్టు కోసం మాత్రం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి తెరచాప అంచు ఒకసారి వణికింది.
"తాడు లాగు" అన్నారు.