మీగడ కట్టిన సిరా

అక్టోబరు నుంచి ఉలి పట్టలేదు.
ఇవాళ జనవరి ఇరవై మూడు.
గోడ మీది క్యాలెండర్ ఎప్పుడో నేను చెక్కి అచ్చేసిందే.
ఈ నెల బొమ్మ ఒక సీల్.
నావైపే చూస్తుంటుంది, అప్పిచ్చినవాడిలా.

హీయుమా దీవిలో తొమ్మిది దాటాక తెల్లవారుతుంది,
నాలుగు కొట్టకముందే పొద్దు వాలిపోతుంది.
మధ్యలో దొరికే ఆ గుప్పెడు వెలుతురుని
ఏం చేసుకోవాలో తెలియక
కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపల తొక్కు తీస్తాను,
ఒక్కచోట కూడా తెగకుండా, పొడుగాటి చుట్టలా.
చేతికి పనితనం ఇంకా ఉందన్నమాట.
పని లేదు, అంతే.

పొయ్యి మీంచి పిల్లి లేవనే లేదు.
వంట లేక కాదు,
ఇటుకలు వెచ్చగా ఉన్నాయి కాబట్టి.

బల్ల మీద బేరిచెక్క,
చిత్రిక పట్టి, గుడ్డతో తుడిచి పెట్టింది.
మొన్నామధ్య గాలివానకి పడిన చెట్టని
రేవు పక్క ఆర్వెడ్ ఇచ్చిన దుంగ.
మూడేళ్ళు నీడలో ఆరింది, ఒక్క పగులూ లేదు.
అలా ఆరడం ఎవరికైనా చేతనవుతుందా!

సిరా డబ్బా మూత తీశాను.
పైన మీగడ కట్టింది.
వేలితో పక్కకి నెడితే
కింద నలుపు ఇంకా తడిగానే ఉంది.
మూత పెట్టేశాను.

సాయంత్రం రేడియోలో ఓడలకి వాతావరణం చెప్తారు.
ఏ తీరాన ఏ గాలి, ఎంత ఎత్తు అల.
రేవులో ఓడల్లేవు, నీళ్ళే లేవు కంటికి,
అంతా తెల్లటి గట్టు.
అయినా ఆ అమ్మాయి ఒక్క పేరూ వదలకుండా చదువుతుంది.
నేనూ ఒక్క పేరూ వదలకుండా వింటాను.

టాలిన్ నుంచి ఐలి ఫోన్ చేసింది.
"ఏం చేస్తున్నావు?"
మంచు ఎత్తిపోస్తున్నా అన్నాను.
"అది కాదు, ఏం చేస్తున్నావు?"
గుమ్మం నుంచి కట్టెల కొట్టం దాకా ఇరవై రెండు అడుగులు.
నిన్న తీసిన దారి రాత్రికి పూడిపోయింది,
ఇవాళ మళ్ళీ తీశాను.
నాకది చెప్పుకోదగ్గ పనే అనిపించింది.
ఐలికి అనిపించలేదు.

పక్కింటి హెల్దూర్‌కి ఎనభై ఒకటి.
గడ్డకట్టిన సముద్రానికి చిల్లు పెట్టి
పొద్దంతా దాని ముందు కూర్చుంటాడు.
ఒక్కోరోజు నాలుగు చేపలు, ఒక్కోరోజు ఖాళీ బకెట్టు.
ఖాళీ బకెట్టుతో వచ్చిన రోజే
మా ఇంట్లో ఎక్కువసేపు ఉంటాడు.
నల్లరొట్టె, ఉప్పుచేప, టీ.
మాటలుండవు.

ఒకసారి మాత్రం అన్నాడు,
"ఈ యేడు మంచుదారి తెరుస్తారో లేదో."
సముద్రం మీద కారు నడిపేటప్పుడు
బెల్టు పెట్టుకోకూడదు, నడుమ ఆగకూడదు.
బరువంతా ఒక్కచోటే పడుతుందట.
"ఒడ్డు చేరాక ఆగు, ఎంతసేపైనా ఆగు, ఎవరొద్దన్నారు"
అని టీ జుర్రుకున్నాడు.
ఆయన మంచు గురించే అన్నాడు.
రాత్రి నిద్ర పట్టక
నేనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

నిన్న క్యాబేజీ తరగడానికి పలక కనబడలేదు.
వెతికి వెతికి విసుగొచ్చి
బేరిచెక్క మీదే తరిగాను.
ముప్పై ఏళ్ళలో ఇంత పాపం చేయలేదు.
పని నేర్పిన ముసలాయన ఉంటే చెయ్యి విరిచేవాడు.

ఆకులు గిన్నెలోకి తోసేశాక
దీపం వారగా పడింది చెక్క మీద.
సన్నటి కత్తిగాట్లు, అడ్డదిడ్డంగా,
ఒకదాన్నొకటి దాటుకుంటూ,
రేవు మంచు మీద నక్కలు తిరిగిన చోటులా.
వేలితో తడిమాను.
సిరా డబ్బా వైపు చూశాను కూడా, అబద్ధమెందుకు.

తర్వాత ఉప్పు చల్లి, రుద్ది, కడిగి
పొయ్యి పక్కన నిలబెట్టాను.
పిల్లి ఒక కన్ను తెరిచి, మూసుకుంది.

సూపులో మిరియాలు ఎక్కువయ్యాయి.
హెల్దూర్ అయినా రెండోసారి పోయించుకున్నాడు.
వెళ్ళేటప్పుడు తలుపు తీస్తే
మంచు మళ్ళీ మొదలైంది,
పార ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు.