రెండో రాజధానిలో భోజనాల వేళ

ఆర్డీఓ ఆఫీసులో గుమాస్తా
నా అడంగల్ కాగితం మీద టీ గ్లాసు పెట్టి
"అన్నం తిన్నాంక రామ్మా" అన్నాడు.
తప్పు ఒక్క అక్షరం కాడే.
మా నాయన ఆదెప్ప.
వాళ్ల కంప్యూటర్లో ఆదమ్మ.
రొద్దం పక్కన మూడెకరాల శనక్కాయ చేను
లేని ఆడమనిషి పేరున ఎండుతా ఉంది.

రెండు గంటలు. తలమాడే ఎండ.
పెనుకొండలో ఎటు నడిచినా
రాజుల గోడ ఏదో ఒకటి అడ్డమొస్తాది.
ఒకదాని మీద దుప్పట్లు ఆరేసినారు.
ఒకదానికి పంచర్ షాపు ఆనుకోని ఉంది.

గగన్ మహల్ గేటుకు తాళం.
యాపచెట్టు నీడన కావలి పక్కీరప్ప
రొట్టె నములుతా తలెత్తినాడు.
"తాళంచెవి ఉండాది. తినేదాకా ఉండు.
నువ్వు తింటివా?"
సగం రొట్టె, దాని మీద ఊరిబిండి.

లోపల చల్లన. గబ్బిలాల కంపు.
బడిలో చదివిన రాజులు
రత్నాలు కుప్పలు పోసి అమ్మినోళ్లు.
ఈడికి మాత్రం
ఓడిపోయినాంక వచ్చినారంట,
ఏనుగుల మీద మూటలేసుకోని.
"ఎన్ని ఏనుగులు?"
"మా నాయన ఐదునూర్లు అనేటోడు.
నేను యాభై అంటా.
బోర్డులో ఎంత రాసినారో
చదువొచ్చినోళ్లు మీరే చెప్పల్ల."
బోర్డు తుప్పు పట్టింది.

ఓడిన ఇంటి ఆడోళ్లు
మొదటి పొద్దు ఈ కిటికీ కాడ నిలబడి
ఏం చూసినారో.
దీపం యాడ పెట్టల్లో తెలీని ఇల్లు.
ఎవురో ఒకామె అనే ఉంటాది:
"నీళ్లు ఉప్పగుండాయే ఈడ."

సున్నం గోడలో ఒక హంస,
మెడ దాకా వచ్చి ఆగిపోయింది.
"తాకగాకు" అని అరిచి
పక్కీరప్ప తానే తాకి చూపిచ్చినాడు.
"ఇదో, పనోడి బొటనేలు."
నాకు కనపళ్లేదు.
కనపడిందనే చెప్పినా.
మా నాయనకు సంతకం రాదు.
దస్తావేజు అడుగున నీలి బొటనేలు,
గీతలన్నీ అరిగిపోయినది,
పారపట్టు ఏలు.

పై అంతస్తు నుంచి రోడ్డు కనపడతాది.
కార్ల ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు
ఒకదాని ఎనక ఒకటి పోతా ఉంటే
లెక్కపెట్టినా. పదకొండు.
ఇంటికాడ అడిగితే ఇరవై అంటా.

ఇరవై రూపాయలిస్తే పక్కీరప్ప తీసుకోలే.
"అర్జీ పనైతే అప్పుడియ్యి" అని నవ్వె.

మూడున్నర. గుమాస్తా కుర్చీ ఖాళీ.
పైన ఫ్యాను ఎవురికో తిరుగుతా ఉంది.
కాగితం మీద, ఆదమ్మ పేరు చుట్టూ
టీ గ్లాసు ఏసిన గుండ్రటి మచ్చ
అప్పుటికే ఆరిపోయింది.
బల్ల మీద చెయ్యానిచ్చి
మెల్లగా అడిగినా:
ఆదమ్మా,
నువ్వు ఏ ఏనుగు మీద వస్తివే?
మా చేన్లో యాడ దిగితివే?