గట్టుకి ఇటువైపు

నేనేం ఎంచుకోలేదు.
ఏడేళ్లప్పుడు నెల్లిమర్లలో ఆట మధ్యన వానొస్తే
తవిటయ్య మావ నెత్తిన గోనె కప్పి
జూట్‌మిల్లోళ్ల వైపు కూలేశాడు, అంతే.
అవతల గట్టున గొడుగులున్నాయి.

తడిసిన జనపనార కంపు,
మావ పిడికిట్లో నలిగిన వేరుశెనక్కాయలు,
నైట్‌డ్యూటీ దిగొచ్చి, ఆవలిస్తూనే
బురదలోకి దూకిన మా గోలీ.

"నాలుగు తిన్నాం" అన్నాను ఇంటికొచ్చి.
"ఏటి తిన్నార్రా?" అంది అమ్మ
అన్నం గిన్నె దించుతూ.
నేను బంతినైనా ముట్టుకోలేదని
అప్పుడు తోచలేదు.

జట్టు లేదిప్పుడు.
గోలుకర్రలు ఎవరి పాకకో రాటలయ్యాయి.
నిన్న టీవీలో ఎవరో ఎవరితోనో ఆడుతుంటే
మనవడడిగాడు: "నీ టీమేది తాతా?"

"మనకివాళ ఆట లేదురా."