బూట్ల కొలత

ఈ ఏటి వృద్ధి రేటు నా చేతుల మీదుగానే బయటికి వెళ్లింది.
ఒకటి పాయింట్ నాలుగు.
అమెరికాది రెండున్నర.
పక్క బల్ల కుర్రాడు నమ్మలేక మళ్లీ కూడి చూశాడు,
పరుగు పందెంలో తాత మనవణ్ణి దాటేశాడా అని.

సోల్‌లో పొద్దుటి నుంచీ వాన.
చాంగ్‌వాన్ నుంచి నాన్న ఫోన్ చేశాడు.
"డెల్మర్ గెలిచాడన్నమాట" అన్నాడు.
నవ్వాడో దగ్గాడో తెలియలేదు.

డెల్మర్‌ని నేను చూడలేదు.
ఒహాయోలో ఒక ఊరు, ఊరి వెనక నది,
నది ఒడ్డున ఆరువందల టన్నుల ప్రెస్సు.
వాళ్లు అమ్మేశారు, నాన్న కంపెనీ కొంది.
ఊడదీసి తెమ్మని నలుగుర్ని పంపారు,
నలుగురిలో ఇంగ్లీషు వచ్చినవాడు లేడు.

ఇరవై ఆరేళ్లు దాని మీదే పనిచేసిన డెల్మర్ కోవాల్చిక్‌కి
దాన్ని విప్పడమే ఆఖరి నెల జీతం.
ప్రతి బోల్టు మీదా సుద్దతో అంకె వేసేవాడట,
పక్కనే నాన్న కొరియన్‌లో గుర్తు రాసుకునేవాడట.
అంకెలే ఇద్దరికీ ఉన్న భాష.

ఆ రోజుల్లో మేం ఏటా పది శాతం.
పది శాతం అంటే ఏమిటో నాకు గుర్తుంది:
అమ్మ రెండు కొలతలు పెద్దవైన రబ్బరు చెప్పులు కొని
ముందు గుడ్డపీలికలు కుక్కేది.
ఒక్కో పీలికా బయటికొచ్చేది.
చుసోక్ పండక్కి చెప్పు సరిపోయేది,
మంచు కురిసే నాటికి బొటనవేలు బయటికి చూసేది.
బార్లీ అన్నంలో తెల్ల మెతుకులు పెరిగేవి.
లెక్కపెట్టేదాన్ని. అప్పటికే నాకా జబ్బు.

డెల్మర్‌వి తోలు బూట్లు,
పెళ్లికి ముందు కొన్నవి, నాలుగుసార్లు అడుగులు మార్పించినవి.
"వీళ్ల కాళ్లు ఎదగడం మానేశాయి"
అని ఉత్తరం రాశాడు ముప్పై ఏళ్ల నాన్న, గొప్పగానే.
ఆ కిందే ఇంకో వాక్యం:
"ఇతని కారు షెడ్డు మన ఇంటికన్నా పెద్దది."

ఆ రెండు వాక్యాల మధ్య సందులోనే నా ఉద్యోగమంతా గడిచింది.
గుప్పెడు మీద పదో వంతు, గాదె మీద యాభయ్యో వంతు,
ఏది ఎక్కువో క్షణంలో చెప్పగలను.
గాదె తాళంచెవి ఎవరి మొలలో ఉందో
ఏ గడిలో వెయ్యాలో తెలీదు.
గాదె ఏటేటా నిండింది,
డెల్మర్ వీధిలో ఇంటింటా దీపాలారాయి.
రెండూ కలిపి ఒకే అంకె, ఒకే దశాంశ బిందువు.

తర్వాతొక క్రిస్మస్‌కి కార్డు వచ్చింది,
మా స్కూలు టీచరు చదివి చెప్పింది.
సూపర్‌మార్కెట్‌లో రాత్రి కాపలా పనిట.
పాతవి ఇక కుట్టుకు ఆగక కొత్త బూట్లు కొన్నాడట,
నాలుక తిప్పి చూస్తే కొరియా తయారీ అని ఉందట.
"వేళ్ల దగ్గర కాస్త ఇరుకు, అలవాటవుతుందిలే."

ప్రెస్సు మా దగ్గర పాతికేళ్లు మోగింది.
ఆ మోతకే నిద్రపోయేవాళ్లం,
ఆదివారం అది ఆగితే మెలకువ వచ్చేది.
చివరికి దాన్నీ అమ్మేశారు.
ఈసారి బియెన్ హోవా నుంచి వచ్చారు,
సుద్దముక్క నాన్న చేతికి మారింది.
లోపలి పలక మీద గ్రీజు గీకితే
డెల్మర్ వేసిన నలభై ఒకటి ఇంకా ఉందట.
న్యాన్ అనే పిల్ల దాని పక్కన తన భాషలో ఏదో రాసుకుందట.
నాన్న ఆమె కాళ్లవైపు చూశాడు:
మడమ వెనక వేలెడు ఖాళీ.

పక్క బల్ల కుర్రాడికి పెళ్లి వద్దట, పిల్లలు అసలే వద్దట.
మా వీధి దుకాణంలో
రెండు కొలతలు పెద్ద చెప్పులడిగే తల్లి లేదిప్పుడు.

"నీ బూట్లు ఎన్నాళ్లవి నాన్నా?" అన్నాను.
ఆలోచించాడు. "మూడుసార్లు అడుగులేయించా."
కాసేపాగి మళ్లీ,
"డెల్మర్ గెలిచాడన్నమాట."

ఆ సంగతి ఆయనకెవరైనా చెప్పారా అన్నాను.

ఫోన్‌లో వాన చప్పుడు, అక్కడిదో ఇక్కడిదో.
మేడ మీద బట్టలు తడుస్తున్నాయి, ఉంటానన్నాడు.